దెయ్యం సినిమాలో పాటొస్తే ఫార్వర్డ్ కొడుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

దెయ్యం సినిమా చూస్తుంటాం. గుండె దడదడలాడుతుంటుంది. సరిగ్గా అప్పుడే హీరో గిటార్ అందుకుంటాడు. లేదంటే పక్కింటి కమెడియన్ లుంగీ సర్దుకుంటూ ఊడిపడతాడు. థియేటర్లో అయితే ‘ఇప్పుడీ గోలేంట్రా బాబూ’ అనుకుంటూ పాప్‌కార్న్ కోసం లేచేవాళ్లం. ఫోన్లో అంత కష్టం కూడా అక్కర్లేదు. స్క్రీన్ కుడివైపు టకటకా రెండుసార్లు తడితే పది సెకన్లు ముందుకు. ఇంకో నాలుగుసార్లు తడితే దెయ్యం మళ్లీ హాజరు!

ఎడిటర్ చేతిలో ఉండాల్సిన కత్తెర మన బొటనవేలికి వచ్చేసిందన్నమాట. అందుకే పాత ప్రశ్న ఒకటి ఇప్పుడు మన ముందుకొచ్చింది. హారర్ సినిమాలో సంబంధం లేనట్టు కనిపించే సీను భయాన్ని చెడగొడుతుందా? లేక పెంచుతుందా?

రెండూ చేస్తుంది. ఎప్పుడు ఏది చేస్తుందో పట్టుకోవాలంటే మనల్ని మనం ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఈ సీను నడుస్తున్నంతసేపూ దెయ్యం ఎక్కడుంది?’

(ముందే చెప్పేస్తున్నాం... కింద కొన్ని సినిమాల గుట్టు బయటపడుతుంది. చూడనివాళ్లు జాగ్రత్త!)

దెయ్యం ఇంట్లో ప్రేమ పాట

2016లో వచ్చిన ‘ద కంజురింగ్ 2’ గుర్తుందా? దర్శకుడు జేమ్స్ వాన్. కథాకాలం 1977, లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్. తండ్రి వదిలేసి వెళ్లిపోయిన ఇల్లు. తల్లి, నలుగురు పిల్లలు. మంచాలు ఊగుతాయి, కుర్చీలు కదులుతాయి, చిన్నపిల్ల నోట్లోంచి ముసలాడి గొంతు వస్తుంది. ఈ గొడవేంటో తేల్చడానికి ఎడ్, లొరెయిన్ దంపతులు అమెరికా నుంచి దిగుతారు.

వచ్చినాయన దెయ్యాన్ని వెళ్లగొట్టే పనిలో ఉండాలి కదా? ఓ సీన్లో గిటార్ పట్టుకుని కూర్చుంటాడు. ఎల్విస్ ప్రెస్లీ గొంతును అనుకరిస్తూ ‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ పాడతాడు. పిల్లలు చుట్టూ చేరతారు, గొంతు కలుపుతారు. అరుపుల్లేవు, తలుపులు కొట్టుకోవడం లేదు. కథ అంగుళం కూడా కదిలినట్టుండదు. సినిమా చూస్తే రెండు గంటలు దాటుతోంది. ఈ పాట తీసేస్తే పోయేదేముంది అనిపిస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్న వేద్దాం. దెయ్యం ఎక్కడుంది? ఆ ఇంట్లోనే! ఎక్కడికీ పోలేదు. అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. భర్త ఘోరంగా చనిపోతున్నట్టు లొరెయిన్‌కి సినిమా మొదట్లోనే కనిపించింది. ఆ సంగతి ఆమెకి తెలుసు, మనకీ తెలుసు. పాడుతున్నంతసేపూ ఆమె అతన్నే చూస్తూ ఉంటుంది. ఆ చూపులో ప్రేమ ఎంతుందో భయం అంతుంది. నాన్న లేని పిల్లలకు చాలా రోజుల తర్వాత దొరికిన నాలుగు నిమిషాల సంతోషం కూడా అక్కడే ఉంది.

దాంతో ఏమవుతుందంటే, అప్పటిదాకా ‘దెయ్యం ఎప్పుడొస్తుందా’ అని చూసినవాళ్లం కాస్తా ‘అయ్యో, వీళ్లకేం కాకూడదు’ అనుకోవడం మొదలుపెడతాం. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే కదా భయం! పాటను దాటేసి క్లైమాక్స్‌కి వెళ్తే ప్రమాదంలో ఉన్నవాడు ఎవడో కోటు వేసుకున్న ఆసామి. పాట చూసి వెళ్తే మనకు తెలిసిన మనిషి.

ఈ పంచాయితీ పాతదే

ఇలాంటి సీన్ల మీద తగువు సినిమా పుట్టకముందు నుంచే ఉంది. షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో మాక్‌బెత్ తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజును నిద్రలోనే చంపేస్తాడు. చేతుల నిండా నెత్తురు. అంతలో కోట తలుపు దబదబా మోగుతుంది. తీయడానికి వచ్చేది ఎవరు? తాగి తూలుతున్న కాపలావాడు! తాను నరకం గేటు కాపలా కాస్తున్నట్టు ఊహించుకుంటూ జోకులేస్తాడు.

ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్‌కి ఇది అస్సలు నచ్చలేదు. అసలది షేక్స్‌పియర్ రాసిందే కాదు పొమ్మన్నాడు. థామస్ డి క్విన్సీ అనే మరో రచయిత మాత్రం ఆ తలుపు చప్పుడు మీదే 1823లో ఏకంగా ఒక వ్యాసం రాశాడు. హత్య జరుగుతున్నంతసేపూ మనం వేరే లోకంలో ఉంటామనీ, మామూలు ప్రపంచం వచ్చి తలుపు తట్టినప్పుడే జరిగింది ఎంత దారుణమో ఒక్కసారిగా తెలుస్తుందనీ ఆయన వాదన.

మన ప్రశ్న ఇక్కడా పనిచేస్తుంది. కాపలావాడు నవ్విస్తున్నప్పుడు రాజు శవం ఎక్కడుంది? లోపలి గదిలో. వాడికి తెలియదు, మనకు తెలుసు. అందుకే నవ్వుతూనే ఇబ్బంది పడతాం.

మన తోలుబొమ్మలాట మాత్రం తక్కువ తిందా? రామాయణం రసవత్తరంగా సాగుతుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊడిపడి నానా అల్లరీ చేస్తారు. బుర్రకథలో హాస్యం చెప్పడానికి ఒక వంతగాడు ప్రత్యేకంగా ఉంటాడు. ఏడుపు మధ్యలో నవ్వు, యుద్ధం మధ్యలో వెటకారం మన ఊళ్లకు కొత్త కాదు. కాబట్టి ‘హారర్‌లో కామెడీ ఏంటి, పాటేంటి, అన్నీ మనవాళ్ల పైత్యం’ అని కొట్టిపారేయడం కుదరదు.

పాటలోనే దెయ్యం ఉంటే?

మన దక్షిణాది సినిమాలు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాయి. 1993లో ఫాజిల్ తీసిన మలయాళం సినిమా ‘మణిచిత్రతాళు’ కన్నడంలో ‘ఆప్తమిత్ర’ (2004), తమిళంలో ‘చంద్రముఖి’ (2005), హిందీలో ‘భూల్ భులయ్యా’ (2007) అయ్యింది. నిజానికి ఆ కథలో దెయ్యం లేదు. ఉన్నది గంగ అనే అమ్మాయి మనసులోని జబ్బు. ఎప్పుడో చనిపోయిన ఒక నర్తకిని తానే అనుకుంటుంది. మలయాళంలో ఆ పాత్ర చేసిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఆ సినిమాల్లో ఒళ్లు జలదరించే ఘట్టం ఏది? పాట! నిండు అలంకారంతో గంగ నాట్యం చేసే పాట. అందులో ఒక తమాషా గమనించారా? మలయాళంలో ఆ నర్తకి తమిళంలో పాడుతుంది. తమిళ ‘చంద్రముఖి’లో తెలుగులో పాడుతుంది. మన తెలుగు డబ్బింగ్‌లో ‘వారాయ్’ అంటూ తమిళంలోకి మారిపోయింది. హిందీలో బెంగాలీ. నిన్నటిదాకా మన భాషలో కబుర్లు చెప్పిన అమ్మాయి ఉన్నట్టుండి పరాయి భాష ఎత్తుకుంటే కలిగే వణుకు, వెయ్యి గ్రాఫిక్స్ పెట్టినా రాదు. అక్కడ పాటను దాటేస్తే దెయ్యాన్నే దాటేసినట్టు.

‘అరుంధతి’ (2009)లోనూ అంతే. కోడి రామకృష్ణ దర్శకత్వంలో అనుష్క చేసిన జేజమ్మ, శక్తులు సంపాదించి తిరిగొచ్చిన పశుపతి ముందు నాట్యం చేస్తుంది. పైకి చూస్తే అదో డ్యాన్స్ నంబర్. కానీ దెయ్యమయ్యేవాడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ప్రతి అడుగూ వాడి కోసం పన్నిన ఉచ్చే. ఆ పాట అయ్యేసరికి కథ ముందున్న చోట ఉండదు.

మరి ఎప్పుడు చెడుతుంది?

ఇంట్లో ఆడపిల్ల గోడ మీద పాకుతోంది. తల్లి కుప్పకూలిపోయింది. కట్ చేస్తే హీరో హీరోయిన్లు విదేశీ మంచుకొండల్లో డ్యూయెట్. లేదా కథతో బొత్తిగా పనిలేని ఇద్దరు కమెడియన్లు చెంపదెబ్బల కార్యక్రమం పెట్టుకుంటారు. ఇలాంటివి మీరూ బోలెడు చూసే ఉంటారు. ఇప్పుడు అడగండి, దెయ్యం ఎక్కడుంది? ఎక్కడా లేదు. సినిమాయే దాన్ని మర్చిపోయింది. గోడ మీద పాకుతున్న పిల్ల సంగతి తీసినవాళ్లకే గుర్తులేనప్పుడు మనకెందుకు భయం?

ఇవి ఎందుకు వస్తాయంటే, మన దగ్గర సినిమా అంటే కుటుంబమంతా కలిసి చేసే భోజనం లాంటిది. పిల్లలకు నవ్వు, కుర్రాళ్లకు పాట, పెద్దలకు సెంటిమెంట్ వడ్డించాలనే లెక్క. లెక్క తప్పని కాదు. పప్పులో వేయాల్సిన తాలింపు తీసుకెళ్లి పాయసంలో వేస్తేనే చిక్కు. రామ్‌గోపాల్ వర్మ 2003లో హిందీలో ‘భూత్’ తీసినప్పుడు సినిమాలో ఒక్క పాట కూడా పెట్టలేదు. కథంతా ఒక అపార్ట్‌మెంట్‌లో, ఒక జంట చుట్టూ ఊపిరి సలపకుండా నడుస్తుంది. ఆ కథకు అదే సరిపోయింది.

అలాగని కామెడీ హారర్‌ని ఇదే తక్కెడలో తూచకూడదు. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘ఆనందో బ్రహ్మ’ (2017) లాంటివి మొదటే నవ్విస్తామని మాటిచ్చి కూర్చోబెట్టాయి. ‘ఆనందో బ్రహ్మ’లో అయితే మనుషులను చూసి దెయ్యాలే జడుసుకుంటాయి. నవ్వు పుట్టేదే దెయ్యం దగ్గర. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న సినిమాలో నవ్వు అడ్డం కాదు.

భయపెట్టే సీనే అడ్డమైతే...

ఇదేదో పాటలకీ జోకులకీ మాత్రమే వచ్చే తిప్పలనుకోకండి. 1973 నాటి ‘ద ఎక్సార్సిస్ట్’ కోసం దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ ఒళ్లు గగుర్పొడిచే సీను ఒకటి తీశాడు. దెయ్యం పట్టిన రీగన్ వెనక్కి విల్లులా వంగి, చేతులూ కాళ్లూ నేలకానించి, సాలీడులా మెట్లు దిగివస్తుంది. అంత సీనునూ విడుదలప్పుడు ఆయనే కోసేశాడు! కట్టిన తీగలు కనిపించడం ఒక కారణం. కథలో మరీ ముందుగా వచ్చేస్తోందన్నది ఇంకో కారణం. తర్వాత తీగలను కంప్యూటర్లో చెరిపి, 2000లో వచ్చిన కొత్త వెర్షన్లో చేర్చారు.

రెండు వెర్షన్లూ చూస్తే తేడా తెలుస్తుంది. ఆ ఘట్టానికి తల్లి ఇంకా దెయ్యమని నమ్మలేదు. డాక్టర్ల చుట్టూ తిరుగుతోంది. ఆ తర్వాత కూడా మానసిక వైద్యులు వస్తారు, పరీక్షిస్తారు. కూతురు సాలీడులా మెట్లు దిగడం కళ్లారా చూసిన తల్లి ఇంకా డాక్టర్ల మాటే వింటోందంటే కాస్త ఎబ్బెట్టుగా ఉండదూ? విడిగా చూస్తే అద్భుతమైన సీను. రీల్స్‌లో పెడితే లైకులే లైకులు. సినిమాలో మాత్రం దెయ్యం ఇంకా రాకూడని చోటికి వచ్చేసింది. కాబట్టి మన ప్రశ్నకు ఓ తోక తగిలించాలి: దెయ్యం ఎక్కడుంది? ఇప్పుడు ఎక్కడ ఉండాలి?

తేలని కేసు ఒకటి

ఈ ప్రశ్నకు లొంగని సీన్లూ ఉంటాయి. హిచ్‌కాక్ ‘సైకో’ (1960) చివర్లో అంతా అయిపోయాక ఒక సైకియాట్రిస్ట్ వచ్చి, నార్మన్ బేట్స్ మనసులో ఏం జరిగిందో క్లాసు పీకుతాడు. అందులో చాలా భాగం ఎత్తేస్తే బాగుండేదని ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ అన్నాడు. దెయ్యం ఎక్కడుందంటే పక్క గదిలోనే ఉంది. అయినా ఆ వివరణ వింటుంటే భయం నీరుగారిపోతుంది.

కానీ వెంటనే వచ్చే సీను చూడండి. దుప్పటి కప్పుకుని ఒంటరిగా నార్మన్, చేతి మీద ఈగ, మనసులో తల్లి గొంతు, పెదాల మీద ఆ నవ్వు. ఇంత చదువుకున్నాయన అంతా విడమరిచి చెప్పాక కూడా ఆ నవ్వు ముందు మనకేమీ అర్థం కాలేదనిపిస్తుంది. ఉపన్యాసం లేకపోతే ఆ నవ్వుకి అంత బలం ఉండేదా? మీరైతే ఆ సీను ఉంచుతారా, కోసేస్తారా? స్నేహితులతో వాదించుకోవడానికి ఇంతకంటే మంచి టాపిక్ దొరకదు.

బొటనవేలికి ఒక విన్నపం

భయపెట్టే సీన్లన్నీ ఏరి వరసగా పేర్చిన వీడియోలు చూసే ఉంటారు. మొదటిదానికి ఉలిక్కిపడతాం. మూడోదానికి కళ్లార్పం. ఆరోదానికి మెసేజ్‌లు చూసుకుంటూ ఉంటాం. ఎడతెగకుండా తిరిగే ఫ్యాన్ చప్పుడు మనకు వినిపించనట్టే, ఎడతెగని అరుపులూ వినిపించడం మానేస్తాయి. ఆగినప్పుడే చప్పుడు సంగతి తెలుస్తుంది. ఆ ఆగడం కోసమే చాలాసార్లు పాట, జోకు, గిటార్.

ఫార్వర్డ్ బటన్‌తో మనం చేస్తున్నది మంచి సినిమాను కూడా అలాంటి వీడియోగా మార్చుకోవడం. ఆపైన ‘ఏంటో, ఈ మధ్య ఏ సినిమా చూసినా భయమేయట్లేదు’ అని మనమే నిట్టూరుస్తాం.

అన్ని సీన్లనూ భరించాల్సిందేనని చెప్పడం లేదు. మంచుకొండల డ్యూయెట్‌ను నిక్షేపంగా దాటేయండి, దెయ్యం కూడా ఏమీ అనుకోదు. కాకపోతే తట్టేముందు ఓ పది సెకన్లు ఆగి, ఆ నవ్వుతున్నవాళ్ల వెనక తలుపు వేసి ఉందో, తీసి ఉందో ఓసారి చూడండి.