అమ్మతో భావపురికి

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో, విద్య పూర్తిచేసుకుని ఇంటికి బయలుదేరుతున్న శిష్యునికి ఆచార్యుడు కొన్ని మాటలు చెబుతాడు. దైవంగా భావించవలసిన వారిని ఆ సందర్భంలో ఒక వరుసలో పేర్కొంటాడు. ఆ వరుసలో తల్లి మొదట, తండ్రి తరువాత, ఆపైన ఆచార్యుడు, అతిథి. ఉపదేశించే గురువు తనను తాను మూడవ స్థానంలో నిలుపుకోవడం గమనించదగినది. ఈ అనువాకాన్ని నేను పదేళ్ళ వయస్సులో మా నాన్నగారి ఎదుట కూర్చుని వల్లె వేశాను. దాని అర్థం తెలిసింది మాత్రం యాభై మూడవ ఏట. అది ఎలా జరిగిందో పాఠకులకు మనవి చేసుకుంటాను.

మాది తెనాలి మండలం కొలకలూరు. విజయవాడ నుండి వచ్చే రైలుమార్గంలో దుగ్గిరాల దాటాక, తెనాలికి ముందు వచ్చే ఊరు. శివాలయంలో అర్చకత్వం మా వంశంలో వస్తున్నది. గర్భాలయంలో దీపం ఒక్కపూట కూడా కొండెక్కకూడదన్నది మా ఇంటి నియమం. నిత్యార్చన విడిచి అర్చకుడు పొరుగూరు వెళ్ళాలన్నా మరొకరిని నియోగించాలి. ఈ కట్టుబాటు మంచిదే. కానీ దానిని అడ్డం పెట్టుకుని నేను తప్పించుకున్న పనులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి చెబుతాను.

2004లో కృష్ణా పుష్కరాలు వచ్చాయి. ఆ పన్నెండు రోజులూ సీతానగరం రేవులో యాత్రికులకు సంకల్పాలు, పిండప్రదానాలు చేయించడానికి వెళ్ళాను. ఎవరెవరి తల్లులనో, తల్లుల తల్లులనో గోత్రనామాలతో స్మరింపజేసి తిలోదకాలు విడిపించాను. ఇంటి దగ్గర అమ్మ మొదటిరోజే అడిగింది, "నాయనా, నన్ను కూడా ఒక్కరోజు తీసుకెళతావా?" అని. రేపు, ఎల్లుండి అంటూ పన్నెండు రోజులూ గడిపేశాను. పుష్కరాలకు వచ్చిన బంధువులందరికీ వండిపెడుతూ ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. రేవు మా ఊరికి ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. చివరిరోజు నేను చెంబులో తెచ్చిన కృష్ణోదకాన్ని అమ్మ కళ్ళకద్దుకుని శిరస్సున చల్లుకుంది. ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

2009లో నాన్నగారు శివైక్యం చెందారు. ఆ తరువాత అమ్మ గడప దాటడం ఇంకా తగ్గిపోయింది. 2012 చివరలో డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, అమ్మను విమానంలో కాశీ తీసుకెళ్ళమనీ, ఖర్చంతా తానే పెట్టుకుంటాననీ అన్నాడు. మా అబ్బాయి ఆగమం పూర్తిచేసి వచ్చి ఉన్నాడు కనుక నాకూ వీలు చిక్కింది. సంతోషంగా అమ్మకు చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "కాశీ వద్దురా. బాపట్ల తీసుకెళ్ళు," అంది.

బాపట్ల ఆవిడ పుట్టిల్లు. తెనాలి నుండి రైలులో నలభై కిలోమీటర్లు పైన. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన తుపానులో ఆ పెంకుటిల్లు కప్పు లేచిపోయింది. ఇంట్లోవారు ప్రాణాలతో బయటపడడం భావనారాయణస్వామి దయ. రెండేళ్ళ తరువాత మేనమామలిద్దరూ స్థలం అమ్ముకుని హైదరాబాదు వెళ్ళిపోయారు. ఆ తరువాత అమ్మ బాపట్ల వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేను ఏనాడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. "పిలిచేవాళ్ళు లేని పుట్టింటికి ఆడపిల్ల ఏ మొహం పెట్టుకుని వెళుతుందిరా?" అంది.

వృద్ధులను యాత్రకు తీసుకెళ్ళడమంటే కాశీ, రామేశ్వరం, చార్‌ధామ్ అనే అభిప్రాయం మనలో బలపడింది. ఆ క్షేత్రాల మహిమ నిస్సంశయం. అయితే పది రోజుల్లో పద్దెనిమిది క్షేత్రాలు చూపించే బస్సులో మోకాళ్ళ నొప్పులతో కూర్చున్న తల్లికి దక్కేది ఎంత? వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ కోసం మన ప్రభుత్వం 2007లో చట్టం చేసింది. పిల్లల చేత భత్యం ఇప్పించడం ఆ చట్టానికి సాధ్యమే. "అమ్మా, నీకెక్కడికి వెళ్ళాలని ఉంది?" అని అడిగించడం దానివల్ల అయ్యే పని కాదు.

ఇక రోజు నిర్ణయించాలి. బాపట్లకు సుమారు తొమ్మిది కిలోమీటర్లలో సూర్యలంక సముద్రతీరం ఉంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారితో ఎడ్లబండి మీద అక్కడికి స్నానానికి వెళ్ళేవాళ్ళమని అమ్మ చెప్పేది. సముద్రస్నానం ఎప్పుడుపడితే అప్పుడు చేయదగినది కాదు. అశ్వత్థవృక్షాన్నీ సముద్రాన్నీ సేవించవచ్చు గాని ఎల్లవేళలా తాకకూడదనీ, రావిచెట్టును శనివారం, సాగరాన్ని పర్వదినాల్లో స్పృశించవచ్చుననీ పెద్దలు చెప్పారు. అందుకని నందన నామ సంవత్సర మాఘ పౌర్ణమిని ఎంచుకున్నాను. అది 2013 ఫిబ్రవరి 25, సోమవారం. శివాలయ అర్చకుడు సోమవారం నాడు గుడి విడిచి వెళ్ళడమేమిటని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారు. అర్చన మా అబ్బాయి చేస్తాడని చెప్పాను.

ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరాం. అప్పుడు దుగ్గిరాల ప్రాంతమంతా పసుపు వండే రోజులు. ఆటోలో తెనాలి చేరేవరకు ఆ వాసన మా వెంటే ఉంది. పాసింజరు రైలులో కిటికీ పక్కన అమ్మను కూర్చోబెట్టాను. వరి కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా కనిపిస్తోంది. చుండూరు దాటాక అమ్మ నిద్రపోతుందనుకున్నాను గాని, రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. ఒకేరోజు రెండు ఊళ్ళు తిప్పితే శ్రమ అవుతుందేమోనని సందేహించాను. కానీ పొన్నూరు దారిలోనే కదా అని ఆవిడే నిడుబ్రోలులో దిగుదామంది.

పొన్నూరును పూర్వం స్వర్ణపురి అనేవారు. ఇక్కడ కొలువైన స్వామి సాక్షి భావనారాయణుడు. కాశీలో ఇచ్చిన మాటను ఇంటికి వచ్చాక తప్పబోయిన ఒక పెద్దమనిషి విషయంలో సాక్షాత్తు స్వామియే సాక్షిగా తరలివచ్చాడని స్థలపురాణం. ఆ సన్నిధిలో నిలబడి నమస్కరిస్తుంటే నాకు సీతానగరం రేవు గుర్తుకు వచ్చింది. రేపు, ఎల్లుండి అని నేనిచ్చిన మాటలకు కూడా సాక్షి ఉండే ఉంటాడు కదా!

ఇదే ఊళ్ళో వీరాంజనేయస్వామి ఆలయం ప్రసిద్ధం. అక్కడి ఆంజనేయ, గరుత్మంతుల భారీ విగ్రహాలను తల పూర్తిగా ఎత్తి చూడవలసిందే. జనం ఎక్కువగా హనుమంతుని ఎదుట నిలుస్తారు. అమ్మ గరుత్మంతుని ఎదుట చాలాసేపు నిలబడింది. అది నాకు తగిన చోటే అనిపించింది. ఆదిపర్వంలో నన్నయభట్టారకుడు తెలుగు చేసిన గరుడోపాఖ్యానం మన ఇళ్ళల్లో తెలియనివారుండరు. కద్రువతో పందెంలో మోసానికి గురై వినత దాసి అవుతుంది. ఆ దాస్యం కొడుకుకు కూడా సంక్రమిస్తుంది. పాములను వీపున మోసి మోసి విసిగిన గరుడుడు అమృతం కోసం ఎగిరి వెళ్ళేముందు చేసిన పని ఒకటుంది. తల్లి దగ్గరకు వెళ్ళి, మనకీ స్థితి ఎందుకు వచ్చిందని అడిగాడు. ఆ ప్రశ్న అడిగేవరకు వినత తన కష్టం చెప్పలేదు. దేవతలను గెలిచి అమృతకలశం చేతబట్టి కూడా తాను ఒక్క చుక్క రుచి చూడలేదు గరుడుడు. అందుకు మెచ్చిన శ్రీమహావిష్ణువు అతనిని వాహనంగా స్వీకరించాడు. ఈ కథను నేను ఎన్నో ప్రవచనాల్లో చెప్పాను. అమృతం తెచ్చిన ఘట్టానికి చప్పట్లు వచ్చేవి. అడిగిన ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటవేసేవాణ్ణి.

మధ్యాహ్నానికి బాపట్ల చేరాం. అప్పటికి అది గుంటూరు జిల్లాలో తాలూకా స్థాయి పట్టణం. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు. 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు. ఇంత చరిత్ర ఉన్నా హడావిడి లేని ఊరు. భావపురి అన్నదే బాపట్ల అయిందని పెద్దలు చెబుతారు. సర్పవరం, పట్టిసీమ, భావదేవరపల్లి, పొన్నూరులతో కలిపి పంచ భావనారాయణ క్షేత్రాల్లో ఇది ఒకటి. ఇక్కడి స్వామి క్షీర భావనారాయణుడు.

పరిచయస్థులైన ఒక పురోహితుల ఇంట్లో భోజనం చేసి, కాస్త విశ్రమించాక అమ్మ తన వీధి చూపిస్తానంది. మలుపు మరచిపోలేదు. ఇల్లు ఉన్నచోట రెండంతస్తుల కట్టడం, కింద సెల్‌ఫోన్ల దుకాణం. పక్క సందులో సిమెంటు పలకతో మూసిన నూతి గట్టు మాత్రం మిగిలింది. అమ్మ దాని మీద చేయి వేసి నిలబడింది. మేడ మీదినుంచి ఒక అమ్మాయి, "ఎవరు కావాలండీ?" అని అడిగింది. "ఎవరూ వద్దమ్మా. దారిన పోతున్నాం," అంది అమ్మ.

నాకు మనసు వికలమైంది. పుట్టింటి చీర లేదన్న వెలితి తీరుద్దామని బజారులో ఒక నేతచీర కొనబోయాను. అమ్మ వారించింది. "నువ్వు పెట్టేది కొడుకు పెట్టే చీర అవుతుంది గాని, పుట్టింటి చీర ఎలా అవుతుందిరా?" అని నవ్వింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

సాయంత్రం గుడికి బయలుదేరాం. నాకు అసలు భయం అక్కడే ఉంది. ప్రాచీనమైన ఆ ఆలయ గాలిగోపురం 2011లో కూలిపోయింది. ఆ వార్త వచ్చిన రోజు పత్రికను మడిచి అటక మీద పెట్టేశాను. అమ్మ చిన్ననాటి కబుర్లన్నిటిలో ఆ గోపురం ఉండేది. ఇప్పుడు గోపురం ఉండవలసిన చోట ఆకాశం కనబడుతోంది. ఏమని చెప్పాలో తెలియక నేను తలవంచుకుని నడుస్తుంటే అమ్మే అంది, "నాకు అప్పుడే తెలుసురా. పూలు ఇచ్చే పిల్ల చెప్పింది. నువ్వు దాచావు కదా, బాధపడతావని నేనూ అడగలేదు." ఏడాదిన్నరపాటు ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే విషయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం మోశామన్నమాట.

స్వామి దర్శనం చక్కగా జరిగింది. గోత్రనామాలు చెప్పేటప్పుడు నేను మా గోత్రం చెప్పబోగా, అర్చకస్వామి అమ్మను చూసి ఏ ఊరని అడిగారు. కొలకలూరు అని నేనన్నాను. "పుట్టింది ఇక్కడే," అంది అమ్మ, చాలా మెల్లగా. ఆ మహానుభావుడు శఠారి పక్కన పెట్టి, "అయితే మా ఊరి ఆడపడుచువన్నమాట! ఇన్నాళ్ళకా రావడం?" అంటూ లోపలికి వెళ్ళి స్వామివారి శేషవస్త్రం తెచ్చి, తులసితో సహా ఆవిడ చేతుల్లో ఉంచారు. ఎంత వాదించినా విడిగా సంభావన పుచ్చుకోలేదు. ఆడపడుచుకు పెట్టినదానికి డబ్బు తీసుకుంటారా అన్నారు. నేను కూడా అర్చకుణ్ణే. ముప్పై ఏళ్ళలో ఎంతమంది ఆడపడుచులను ఇలా పలకరించానా అని ఆ రాత్రి లెక్క వేసుకుంటే పెద్దగా తేలలేదు.

సర్వసంగ పరిత్యాగియైన సన్న్యాసికి కన్నతండ్రి కూడా నమస్కరించాలి. ఆ సన్న్యాసి మాత్రం కన్నతల్లికి నమస్కరించాలని స్కాందపురాణం విధించింది. శంకర భగవత్పాదులు తల్లి ఆర్యాంబ స్నానానికి నడవలేకపోతోందని పూర్ణానదినే ఇంటి ముంగిటకు మళ్ళించారని కాలడిలో చెప్పుకుంటారు. మనకు అంతటి తపశ్శక్తి లేదు. మనం చేయగలిగింది తల్లిని నీటి దగ్గరకు తీసుకెళ్ళడమే.

పౌర్ణమినాడు తెల్లవారకముందే సూర్యలంక చేరాం. శేషవస్త్రాన్ని అమ్మ భుజాన వేసుకుంది. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నా భుజం పట్టుకుని నడిచింది. నేను సంకల్పం చెప్పాను. దేశకాలాలు, నది పేరుకు బదులు సాగరం, అన్నీ సరిగానే వచ్చాయి. అమ్మ పేరు దగ్గరకు వచ్చేసరికి గొంతు పట్టేసింది. ఆ పేరు నా నోట సంకల్పంలో పలకడం అదే మొదటిసారి. నడుము లోతుకు వెళ్ళనీయలేదు. మోకాళ్ళ దాకా నిలబడి మూడు అలలు తల మీదికి పోసుకుంది. ఎర్రగా పైకి వస్తున్న సూర్యబింబానికి ఇద్దరం అర్ఘ్యమిచ్చాం. తరువాత ఒడ్డున కూర్చుని, చిన్నప్పుడు బండి ఎక్కడ ఆపేవారో, ఎడ్ల పేర్లేమిటో గంటసేపు చెప్పింది. ఆ కబుర్లు మా నాన్నగారికి కూడా ఎప్పుడూ చెప్పలేదట.

2016లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు, మొదటిరోజు ఎవరి క్రతువులూ ఒప్పుకోలేదు. అమ్మను వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళాను. మెట్లు దిగుతూ, "నీకు పోయిన పుష్కరాల సంగతి ఇంకా గుర్తుందా?" అని అడిగింది. గుర్తుందన్నాను. "నేను మరిచిపోయానురా," అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

2019లో అమ్మ వెళ్ళిపోయింది. మాసికాలు ముగిశాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. తమ్ముడు పంపిన చీరలు పైన ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున, ఎండిన తులసిదళాలతో ఆ శేషవస్త్రం ఉంది. విప్పి దులిపితే మడతల్లోంచి కొంచెం ఇసుక రాలింది.