అద్దాల తొట్టిలో వేటచేప

తార్నాకలో మా పూర్వవిద్యార్థి ఒకడు అద్దెకుంటున్నాడు. మా మదరసాలో అరబీ వ్యాకరణం చదివినవాడు, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం అభ్యసిస్తున్నాడు. 1918లో ఆ విద్యాలయం ఆరంభమైనప్పుడు విజ్ఞానశాస్త్రాలను సైతం ఉర్దూలోనే బోధించేవారని, అందుకోసం ప్రత్యేకంగా అనువాద సంస్థనే నెలకొల్పారని నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసో! గత రమజానులో అతడు మమ్మల్ని ఇఫ్తారుకు పిలిచాడు. ఖర్జూరాలకంటే ముందుగా గోడవారనున్న ఉప్పునీటి తొట్టిని చూపించాడు. అందులో అరచేయంత చేప ఉంది. తెల్లని ఒంటిపై గుండ్రని నల్లచుక్కలు, తల కొంచెం వంచి రెక్కలాడిస్తూ మెల్లగా ఈదుతోంది. దాని పేరు పాంథర్ గ్రూపర్ అన్నాడు.

“ఉస్తాద్‌జీ, దీనిని పెంచడం జాయిజేనా?”

ఫత్వా చెప్పడానికి ముఫ్తీ సాహెబులున్నారు. మాకు తెలిసినంత మటుకు చెప్పాము. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయి బాలుడు దిగులుగా ఉన్నప్పుడు దైవప్రవక్త (సఅసం) అతనిని ఆప్యాయంగా పలకరించారు. దాని ఆధారంగానే, తిండీ నీరూ లోటు లేకుండా చూసే పక్షంలో పక్షులను పెంచుకోవచ్చని పండితులు అన్నారు. పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, దానిని తిననీయక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించి కూడా హదీసులో వచ్చింది.

“ఇది ఎంత పెరుగుతుంది, బేటా?” అని అడిగాము.

అతడు కాసేపు మాట్లాడలేదు. “70 సెంటీమీటర్ల వరకు, ఉస్తాద్‌జీ” అన్నాడు చివరకు. ఆ తొట్టి పొడవు 120, వెడల్పు 45 సెంటీమీటర్లు. పూర్తిగా ఎదిగిన ఆ చేప అందులో సుఖంగా వెనుదిరగనైనా లేదు. దానికి వెయ్యి లీటర్లకు పైబడిన తొట్టి కావాలి. అంత బరువును అద్దె ఇంటి మేడమీద నిలబెట్టడానికి ఏ యజమాని ఒప్పుకుంటాడు?

సముద్రం హైదరాబాదుకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం. కనుక ఇక్కడ సముద్రాన్ని మనమే కలుపుకోవాలి. వంట ఉప్పు పనికిరాదు. సముద్రజలంలోని ఇతర లవణాలు కూడా కలిసిన ప్రత్యేక మిశ్రమాన్ని, శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. 300 లీటర్లకు పది కిలోలు దాటుతుంది. మన వేసవిలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుచేత తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఈ చిన్న విషయం తెలియక నీటిని రోజురోజుకూ మరింత ఉప్పగా మార్చేవారున్నారట.

కంటికి కనబడని ప్రమాదం మరొకటి ఉంది. చేప విసర్జన నుండి అమ్మోనియా పుడుతుంది. దానిని నైట్రైటుగా, ఆపై అంత హాని లేని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో స్థిరపడటానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. ఈ విద్యార్థి మొదటి చేపను తొట్టి పెట్టిన మరునాడే వదిలాడు. “ఏమీ కాదు” అన్నాడట అమ్మినవాడు. ఐదవ రోజున అది చనిపోయింది. పరీక్షలో నత్రజని చక్రం గురించి నాలుగు పుటలు వ్రాసినవాడే! మేము అతనిని మందలించలేదు. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని కళ్ళు మా వైపు లేవలేదు.

మాంసాహారి చేప ఎక్కువ తింటుంది, ఎక్కువ మలినం చేస్తుంది. రెండు క్లౌన్ చేపలను తోడుగా వేస్తే తెల్లవారేసరికి అవి లేవు. అది దాని క్రూరత్వం కాదు. నోట పట్టినదల్లా దానికి ఆహారమే. అతిథుల ముందు తమాషాగా బతికిన గోల్డ్‌ఫిష్‌లను వేయడం కొందరికి సరదా. మాకది ఏమాత్రం నచ్చదు. పైగా మంచినీటి గోల్డ్‌ఫిష్‌లలో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది; అదేపనిగా తింటే వేటచేపకే జబ్బు. రొయ్య ముక్కలు, సముద్రపు చేప ముక్కలు కర్రకు గుచ్చి అందిస్తే కొద్దిరోజులకే అలవాటు పడుతుంది.

పెంచలేనివారు చెరువులో వదిలేస్తామంటారు. ఉప్పునీటి చేప హుస్సేన్‌సాగర్‌లో బతకదు. బతికే జాతులైతే మరింత కీడు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలకు చెందిన లయన్ ఫిష్ నేడు అమెరికా తూర్పుతీరంలోనూ కరీబియన్‌లోనూ స్థానిక చేపలను తినేస్తోంది. తొట్లలో నుండి వదిలినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప కూడా అలా వచ్చిన అతిథే.

రమజాను గడిచింది. ఆ చేప ఇప్పుడు జానెడు దాటింది. అమ్మిన దుకాణం తిరిగి తీసుకోనన్నది. పెద్ద తొట్టి ఉన్నవారి కోసం విద్యార్థి వెదుకుతున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆసక్తి చూపినా, తొట్టి కొలతలు అడగగానే వెనక్కి తగ్గారు. అంతవరకు ప్రతి శుక్రవారం జుమా తర్వాత 60 లీటర్ల నీరు మారుస్తున్నాడు. మెట్ల మీదుగా బకెట్లు మోయడంలో మేమూ ఓ చేయి వేస్తున్నాము. మా మోకాళ్ళు మూడవ అంతస్తుకు అభ్యంతరం చెబుతున్నా, పైకి చేరగానే ఆ చేప మా చేతిలోని కర్రను గుర్తుపట్టి అద్దం దగ్గరికి వస్తుంది.