ప్రాణం పోయినా పేరు మిగిలే సాకెట్

1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ నుంచి 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెలువడింది. ప్రోగ్రాములు మాట్లాడుకునే ఈనాటి సాకెట్లు అందులోంచి వచ్చినవే. వాటిలో ఒక రకం ఒకే కంప్యూటర్లోని రెండు ప్రోగ్రాములను కలుపుతుంది. దానికి ఐపీ అడ్రసు అక్కర్లేదు, ఫైలు పేరే చిరునామా.

ప్రోగ్రాము ‘బైండ్’ అనగానే ఆ ఫైలు తయారవుతుంది. ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి చూడండి: వరుస మొదట్లో ‘ఎస్’ అక్షరం, సైజు దగ్గర సున్నా. మాటలన్నీ కెర్నెల్ మెమరీలోనే నడుస్తాయి, ఫైల్లోకి ఏమీ చేరదు. ప్రోగ్రాము ఆగితే సాకెట్ పోతుంది, ఫైలు మాత్రం అలాగే ఉంటుంది. తీసేయాలంటే ‘అన్‌లింక్’ అని విడిగా చెప్పాలి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లినా గుమ్మం మీద వాళ్ల పేరు ఉండిపోయినట్టన్నమాట.

వర్చువల్ మెషీన్లు వచ్చాక ఈ చిన్న ఇబ్బంది పెద్దదైంది. వాటిని నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము వాడేటప్పుడు ‘ఆగు’, ‘మళ్లీ నడువు’ లాంటి ఆదేశాలు చాలాచోట్ల మానిటర్ సాకెట్ ద్వారానే వెళ్తాయి. మెషీన్ సవ్యంగా ఆగితే శుభ్రం చేసే కోడు నడుస్తుంది. ‘కిల్ -9’ కొడితేనో, కరెంటు పోతేనో దానికి అవకాశమే ఉండదు. అలాంటిదే, అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్‌ను పాత సాకెట్ ఫైలు ఉన్నచోటే మళ్లీ నడిపితే, అడ్రసు వాడుకలో ఉందంటూ మొరాయిస్తుంది. దాన్ని మొదలుపెట్టే సూచనల్లోనే ముందు ఆ ఫైలు తీసేయమని ఉంటుంది.

అలాగని కనిపించిన ఫైలునల్లా తీసేస్తే ఇంకో ప్రమాదం. దాని వెనక మెషీన్ బతికే ఉంటే అది నడుస్తూనే ఉంటుంది గానీ, కొత్తగా దాన్ని చేరే దారి మూసుకుపోతుంది. అందుకే ముందు కనెక్ట్ చేసి చూడాలి. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే సాధారణంగా అవతల వినేవాళ్లు లేనట్టే. ఆ చూడడానికీ తీసేయడానికీ మధ్య మరో ప్రోగ్రాము దూరకుండా లాక్ ఫైలు కావాలి. లాక్ పట్టుకున్న ప్రోగ్రాము చచ్చిపోతే కెర్నెలే ఆ లాక్ విడిపిస్తుంది.

వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ఒక్కో మెషీన్‌కు విడి డైరెక్టరీ పెట్టి, మానిటర్ సాకెట్‌ను అందులో ఉంచుతుంది. లినక్స్‌లో సాకెట్ దారికి 108 బైట్లే చోటు కాబట్టి పొడవాటి మెషీన్ పేర్లను కుదిస్తుంది.

పేరు లేని సాకెట్ల జతను ఇచ్చే ‘సాకెట్‌పెయిర్’ వాడితే ఫైలే ఉండదు, ఊడ్చే పనీ ఉండదు. కాకపోతే లిబ్‌వర్ట్ ఆగి మళ్లీ లేచినప్పుడు, నడుస్తున్న మెషీన్‌ను వెతుక్కునేది ఆ ఫైలు పేరుతోనే. ఆ సౌకర్యం కావాలంటే ఊడ్చే పని తప్పదు.