కాంతి వేసి శబ్దం వినే స్కాన్: రక్తనాళాల బొమ్మ ఎందుకు చెడుతుంది? ఎలా సరిచేస్తారు?

షుగర్ ఉన్నవారి కాలి పుండు ఎంతకీ మానకపోతే, కాలికి రక్తం సరిగా అందుతోందా లేదా అన్నది డాక్టర్లు చూస్తారు. డాప్లర్ స్కాన్‌లో పెద్ద నాళాల్లోని రక్త ప్రవాహం తెలుస్తుంది. సీటీ యాంజియోగ్రామ్‌కు మందు ఎక్కించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి అది ఇబ్బంది.

మందు ఎక్కించకుండానే చర్మం కింది సన్నని నాళాలను, వాటిలోని ఆక్సిజన్‌ను చూపగలిగేది ఫొటోఎకౌస్టిక్ ఇమేజింగ్. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ వంటి పట్టణాలకు ఇది చేరాలంటే యంత్రం ధర తగ్గాలి. తక్కువ సెన్సర్లతోనూ మంచి బొమ్మ వస్తేనే అది సాధ్యం.

ఎలా పనిచేస్తుంది?

చర్మంపై అతి స్వల్ప లేజర్ మెరుపులు పంపుతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుని, రవ్వంత వేడెక్కి వ్యాకోచిస్తుంది. అప్పుడు పుట్టే అల్ట్రాసౌండ్‌ను ప్రోబ్ వింటుంది. కాంతితో శబ్దం పుట్టించవచ్చని గ్రాహంబెల్ 1880లోనే గుర్తించారు.

మెరుపు తర్వాత ఉరుము ఎంతసేపటికి వినిపించిందో చూసి పిడుగు దూరం అంచనా వేస్తాం కదా. ఇక్కడా అదే లెక్క.

బొమ్మ ఎందుకు చెడుతుంది?

* ప్రోబ్ ఒకవైపే ఉంటుంది. పక్కలకు పోయే శబ్దం దానికి అందదు. అందుకే లోపలికి నిలువుగా దిగే నాళాలు సరిగా కనిపించవు.
* ప్రోబ్ అన్ని పౌనఃపున్యాలనూ వినలేదు. దాంతో లావు నాళం అంచులే కనిపించి, మధ్యలో బోలుగా ఉన్నట్టు వస్తుంది.
* శరీరంలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లని లెక్కిస్తారు. కొవ్వులో అది 1,450 మీటర్ల దగ్గర ఉంటుంది. ఈ తేడాను పట్టించుకోకపోతే, 3 సెంటీమీటర్ల కొవ్వు కింద ఉన్న నాళం దాదాపు 2 మిల్లీమీటర్లు ఎక్కువ లోతులో ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎలా సరిచేస్తున్నారు?

ఒక పద్ధతిలో కంప్యూటర్ ముందు ఒక బొమ్మను ఊహిస్తుంది. దాని నుంచి ఏ శబ్దం రావాలో లెక్కగట్టి, రికార్డయిన శబ్దంతో పోలుస్తుంది. తేడా తగ్గేదాకా బొమ్మను దిద్దుతుంది. ఫలితం బాగుంటుంది కానీ సమయం పడుతుంది.

రెండోది ఏఐ. ప్రోబ్ వినలేకపోయిన పౌనఃపున్యాలను న్యూరల్ నెట్‌వర్క్‌తో పూరించే పద్ధతిని బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఫణీంద్ర యలవర్తి బృందం 2017లో ప్రచురించింది.

ఏఐ బొమ్మను నమ్మొచ్చా?

అసలు చిక్కు ఇక్కడే. ఆరోగ్యవంతుల నాళాలను చూసి నేర్చుకున్న ఏఐ, మూసుకుపోయిన నాళాన్ని కూడా తెరిచి ఉన్నట్టు గీసే ప్రమాదం ఉంది. బొమ్మను రికార్డయిన శబ్దంతో సరిపోల్చితే కొన్ని తప్పులు దొరుకుతాయి. శబ్దమే అందని చోట గీసిన తప్పు మాత్రం అలా దొరకదు. కాబట్టి రోగులపై డాప్లర్, సీటీ ఫలితాలతో పోల్చి చూడాల్సిందే.

మనకు ఎప్పుడు?

రొమ్ము గడ్డల పరీక్షకు ఇమాజియో అనే యంత్రాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2021 జనవరిలో ఆమోదించింది. కాలి నాళాల విషయంలో ఇది ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉంది. కాబట్టి పుండు మానకపోతే కొత్త స్కాన్ కోసం ఆగొద్దు. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, డాప్లర్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.