బాబేజ్ యంత్రం చెంత కలిసిన ఇద్దరు రచయిత్రులు

19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నౌకాయానానికీ ఖగోళ గణనకూ ఆధారమైన సంఖ్యా పట్టికలను మనుషులే చేతితో లెక్కించి తయారుచేసేవారు గనుక, లెక్కలోనో నకలులోనో అచ్చు కూర్పులోనో ఒక్క అంకె మారినా ఆ తప్పు నడిసముద్రంలో ఓడను దారి తప్పించే ప్రమాదం ఉండేది. ఈ తప్పులన్నిటినీ ఒకేసారి తొలగించాలన్న పట్టుదలతో ఇంగ్లండుకు చెందిన గణితవేత్త చార్లెస్ బాబేజ్ 1820లలో డిఫరెన్స్ ఇంజన్, అంటే భేద యంత్రం, నిర్మాణానికి పూనుకున్నాడు.

దాని సూత్రం ముచ్చటగొలిపేంత సరళమైనది. 1, 4, 9, 16, 25 అనే వర్గ సంఖ్యలలో పక్కపక్క వాటి భేదాలు 3, 5, 7, 9 కాగా, ఆ భేదాల మధ్య భేదం ప్రతిసారీ 2 మాత్రమే. కాబట్టి 9కి 2 కలిపితే వచ్చే 11ను 25కు కలిపి, గుణకారం అవసరమే లేకుండా, తర్వాతి వర్గమైన 36ను రాబట్టవచ్చు. ఒక చలరాశి ఘాతాలను స్థిర సంఖ్యలతో గుణించి కూడగా ఏర్పడే బహుపదులన్నిటికీ ఈ పద్ధతి వర్తిస్తుంది గనుక, పళ్లచక్రాలకు కూడిక నేర్పితే చాలునని బాబేజ్ గ్రహించాడు.

పూర్తి యంత్రం ఆయన జీవితకాలంలో తయారుకాలేదు గానీ, 1832లో సిద్ధమైన ఒక భాగం లండన్‌లోని ఆయన ఇంటికి వచ్చే అతిథులను అబ్బురపరిచింది. కవి బైరన్ కుమార్తె అడా 1833లో, 17 ఏళ్ల వయసులో, దానిని చూసింది; మరుసటి ఏడాది ఆమెకు మేరీ సోమర్‌విల్‌తో పరిచయమైంది. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఖగోళ యాంత్రికశాస్త్ర గ్రంథాన్ని 1831లో విపులమైన వివరణలతో ఇంగ్లీషులోకి తెచ్చిన సోమర్‌విల్, అడా కంటే 35 ఏళ్లు పెద్దది. అయినా వారి మధ్య చక్కని స్నేహం కుదిరింది: పెద్దామె గణితంలో సలహాలిచ్చేది, చిన్నామె సందేహాలు అడిగేది, బాబేజ్ ఇంటి శనివారం గోష్ఠులకు ఇద్దరూ కలిసి వెళ్లేవారు. స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉన్న ఆ కాలంలో ఇటువంటి స్నేహమే ఒక పాఠశాల అని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇంతలో బాబేజ్ మరింత సాహసోపేతమైన ఎనలిటికల్ ఇంజన్‌ను ఊహించాడు. సంఖ్యలను దాచే భాగం, వాటిపై గణన జరిపే భాగం వేర్వేరుగా ఉండే ఈ యంత్రానికి, జకార్డ్ మగ్గంలో నేతకు దారిచూపే రంధ్రాల అట్టల వంటి అట్టలే ఆదేశాలను అందిస్తాయి. దీనిపై ఇటలీ ఇంజనీరు మెనబ్రేయా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని అప్పటికి లవ్‌లేస్ ప్రభువు భార్య అయిన అడా అనువదించి, మూలానికి దాదాపు మూడింతలున్న టిప్పణులు జోడించి 1843లో ప్రచురించింది. సోమర్‌విల్ అప్పటికే ఇటలీలో స్థిరపడింది. అయినా ఫ్రెంచి మూలాన్ని తెచ్చి, అర్థంకాని చోటల్లా వివరణ చేర్చే పద్ధతిలో ఇద్దరి రచనల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

సంఖ్యల స్థానంలో, నియమబద్ధమైన సంబంధాలు గల సంగీత స్వరాల వంటి వాటినీ ఆ యంత్రం నిర్వహించగలదని అడా అందులో వాదించింది. బెర్నూలీ సంఖ్యలు అనే ప్రసిద్ధ శ్రేణిని యంత్రం ఏ క్రమంలో గణించాలో పట్టికగా చూపింది. ఆ పట్టికలో బాబేజ్ వాటా ఎంత అన్నదానిపై చరిత్రకారుల మధ్య చర్చ నేటికీ సాగుతున్నా, ఎన్నడూ నిర్మాణం కాని ఆ యంత్రం ఏమేమి చేయగలదో అంత దూరదృష్టితో వివరించిన సమకాలీన రచన మరొకటి లేదు.