హర్‌స్టన్ నవలయందలి పలుకుబడి

అమెరికా దేశపు నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1937వ సంవత్సరమునఁ బ్రకటించిన ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ అను నవలయందుఁ గథనము శిష్టాంగ్లమున నడచును. సంభాషణములు మాత్రము ఫ్లారిడా నల్లజాతివారి వాడుకమాటలలో నుండును. ఇట్టి భాష తెల్లవారిని నవ్వించుటకే యని యా యేఁటనే రిచర్డ్ రైట్ ఆక్షేపించెను. ఆయనయు నల్లజాతి రచయితయే. తెల్లవారు మోమునకు మసి పూసికొని నల్లవారి పలుకులను వెక్కిరించు ప్రదర్శనము లచ్చటఁ జిరకాలము సాగినవి గాన నీ శంక నిర్హేతుకము కాదు.

ఐనను రైట్ జాతినే చూచెను గాని స్త్రీనిఁ జూడఁడయ్యెను. కథలోని ఈటన్‌విల్ నల్లవారే పాలించుకొను నూరు. అందు అంగడి యరుఁగుపైఁ గూర్చుండి కథలల్లుట పురుషుల సొత్తు. పురాధ్యక్షుఁడు జో స్టార్క్స్ తన భార్య జేనీని ఆ గోష్ఠిలోఁ జేరనీయఁడు. అంగడిలో నామె తలకు గుడ్డ కట్టించును. కడకు నలుగురి యెదుట నామె యతనికి బదులు చెప్పును. ఆ బదులును శిష్టభాషలోనికి మార్చినచో దాని వాఁడి పోవును. తెలుఁగున భాషారీతికిని, నలుగురిలోఁ జెల్లుబాటునకును ‘పలుకుబడి’ యను నొక్కమాటయే కలదు. ఈ నవలకుఁ దగిన మాట యదియే.

ఐతే తెల్లవారగు న్యాయాధిపతి, జ్యూరీల యెదుట జేనీ నుడివిన మాటలను రచయిత్రి యథాతథముగా వినిపింపక సారమునే చెప్పినది. ఈ మౌనమునుగూర్చి విమర్శకు లింకను వాదించుచున్నారు.