తొమ్మిది వోల్టుల నాదం

లోపలికి వచ్చిన నాదాన్ని రూపం చెడకుండా పెంచి వెలుపలికి పంపడమే ధ్వనివర్ధకం ధర్మం. ఆ ధర్మం తప్పినప్పుడు వెలువడే బొంగురు ధ్వనిని ఇంజనీర్లు చాలాకాలం దోషంగానే పరిగణించారు. ఎలక్ట్రిక్ గిటారు విషయంలో మాత్రం ఆ దోషమే గుణమై కూర్చున్నది. కొన్ని కావ్యదోషాలు సందర్భవశాన గుణాలవుతాయని మన ఆలంకారికులు ఏనాడో అంగీకరించారు. పునరుక్తి దోషమే అయినా, భయవిస్మయాలలో మునిగినవాని నోట అది శోభిస్తుంది కదా! గిటారు కథ కూడ అటువంటిదే.

1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డింగు సమయంలో, అమెరికాలోని నాష్‌విల్ స్టూడియో యంత్రంలో ఒక భాగం చెడిపోయి బాస్ గిటారు ధ్వని కర్ణకఠోరంగా వచ్చింది. దానిని తొలగించక అలాగే ఉంచారు. ఆ ధ్వనిని కావాలని పుట్టించే పరికరాన్ని గ్లెన్ స్నాడీ అనే ఇంజనీరు రూపొందించగా, 1962లో అది ‘మేస్ట్రో ఫజ్‌టోన్’ పేరుతో విపణికి చేరింది. 1964లో ఇంగ్లండులో ‘కింక్స్’ బృందానికి చెందిన డేవ్ డేవీస్ అంతకన్న మొరటు పని చేశాడు. తన చిన్న యాంప్లిఫయర్ స్పీకరు పొరను బ్లేడుతో చీల్చాడు.

అయితే వాద్యకారులు అత్యధికంగా కోరుకున్నది శూన్యనాళిక, అనగా వాల్వు, తన శక్తికి మించిన పని పడినప్పుడు పలికే పలుకు. గిటారు తీగ నుండి వచ్చే విద్యుత్ తరంగం మితిమీరి పెరిగితే దాని శిఖరాలు చదునవుతాయి. వాల్వు ఆ శిఖరాలను గొడ్డలితో నరికినట్లు కాక, మెల్లగా నొక్కినట్లు వంచుతుంది. పైగా ఒక వైపును ఎక్కువగా, రెండవ వైపును తక్కువగా వంచుతుంది. శిఖరాలు వంగినప్పుడు అనుస్వరాలు పుడతాయి. గిటారు ఐదవ తీగ 110 హెర్ట్జ్‌లతో మోగుతుంది. దానిని షడ్జమనుకుంటే 220 పై స్థాయి షడ్జం, 330 ఆ స్థాయి పంచమం, 550 ఇంకా పైనున్న అంతరగాంధారం. రెండు వైపులా సమానంగా చదును చేస్తే బేసి అనుస్వరాలే వస్తాయి. అసమానంగా వంచితే సరి అనుస్వరాలు కూడ చేరి నాదం నిండుగా వినిపిస్తుంది. తంబురా తీగ కింద జీవాళి దారం సవరించేవారికి ఈ నిండుదనం రుచి తెలియనిది కాదు.

ఇక చిక్కేమిటంటే, వాల్వు యాంప్లిఫయర్ ఖరీదైనది, బరువైనది. దానిని పూర్తి గొంతుతో మోగిస్తే తప్ప ఆ పలుకు రాదు. మోగిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. దాని లోపల 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అనుభవం లేని విద్యార్థి దాని మూత తెరవరాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే పెడల్‌ను ఇంటివద్ద కట్టుకోవడంలో అటువంటి ప్రమాదం లేదు. టంకం వేసే కాడి వల్ల వేలు కాలకుండా చూసుకుంటే చాలు.

పెడల్‌లో వాల్వు స్థానాన్ని జెఫెట్ అనే ట్రాన్సిస్టర్ ఆక్రమిస్తుంది. జె201 ఇందుకు ప్రసిద్ధం. వాల్వులోని కాథోడ్, గ్రిడ్, ప్లేటులకు దీనిలోని సోర్స్, గేట్, డ్రెయిన్ ప్రతిరూపాలు. కాబట్టి పాత యాంప్లిఫయర్ పటాన్ని ముందుంచుకొని అంచె తరువాత అంచెగా అనువదించుకోవచ్చు. ఒక్కొక్క అంచె ఇరవై రెట్లు పెంచుతుందనుకుంటే మూడంచెలకు ఎనిమిది వేల రెట్లు. గిటారు నుండి వచ్చిన 0.1 వోల్టు లెక్కప్రకారం 800 వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నది తొమ్మిదే! ఆ పొసగనితనంలో నుండే గర్జన పుడుతుంది.

అనువాదం అన్నాక మక్కికి మక్కి పనికిరాదు. రెండు జె201లు ఒక తీరుగా ఉండవు. ప్రవాహం ఆగిపోయే గేటు వోల్టేజి ఒకదానిలో 0.3 అయితే మరొకదానిలో 1.5 వరకు ఉండవచ్చు. అందువల్ల ప్రతి డ్రెయిన్ వద్ద స్థిర నిరోధకానికి బదులు 100 కిలోఓముల సవరింపు నిరోధకం పెట్టి, మల్టీమీటరు చూస్తూ 4.5 వోల్టుల దగ్గర నిలపాలి. ఆపైన చెవితో కొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. ఈ ఓపిక లేనివాడు కట్టిన పెడల్ గర్జించదు, గురకపెడుతుంది. నకిలీ జె201లు విపణిలో తిరుగుతున్నందున కొన్నవాటిని ముందే పరీక్షించుకోవడం మేలు.

మంద్రస్వరాలను అంచెల మధ్య అదుపు చేయాలి. లేనిచో అవి కలగాపులగమై బురదవలె వినిపిస్తాయి. 2.2 నానోఫారడ్ల కెపాసిటర్, దాని తరువాత 470 కిలోఓముల నిరోధకం ఉంచితే సుమారు 150 హెర్ట్జ్‌ల దిగువ ధ్వని క్రమంగా తగ్గుతుంది. ఎనిమిది వేల రెట్లు పెరిగేది పాట మాత్రమే కాదు, గదిలోని దీపాల ఝంకారం కూడ; కనుక వలయాన్ని లోహపు పెట్టెలో ఉంచి ఆ పెట్టెను గ్రౌండు తీగకు కలపాలి.

అన్నీ సరిగా కుదిరినా, పెడల్‌ను నేరుగా రికార్డింగు యంత్రానికి తగిలిస్తే కందిరీగల తుట్టె కదిలినట్లుంటుంది. గిటారు స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనిని అంతగా పలికించదు. మనం వాల్వు మాధుర్యమనుకొనే దానిలో స్పీకరు వాటా కూడ ఉన్నది. అందువల్ల పెడల్‌ను గిటారు యాంప్లిఫయర్‌కే కలపాలి, లేదా చివరి అంచెలో తారస్వరాలను తగ్గించే వడపోత ఒకటి అదనంగా చేర్చాలి.